తొమ్మిదో మంచం సూది

ఆయన లెక్క ఒకటితో మొదలయ్యేది కాదు. "లాభం, రెండు, మూడు..." అని మొదలయ్యేది. వాళ్ళ పెద్దలు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని అలాగే అనేవారట. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి తండ్రి రైల్వే ఖలాసీగా బిలాస్‌పూర్ వచ్చేశాక ఈయన ఇక్కడే పుట్టారు. కొలవడానికి ధాన్యం ఏనాడూ లేదు. సూదులు లెక్కపెట్టేవారు.

"సూదుల్లో లాభమేటి మావయ్యా?" అని కొత్తలో నవ్వాను.

"ఎవులికీ గుచ్చుకోకుండా తిరిగొచ్చీసిందనుకో, అదే లాభం," అన్నారు. ఆయన నవ్వలేదు.

ఆయన పోయి నెల దాటింది. ఆయన పేరు రాయను, ఆసుపత్రి పేరూ రాయను. అది రైల్వేది కాదు. తెలిపారా అనే పేట వైపు ఒక ట్రస్టు నడిపిన చిన్న ఆసుపత్రి. ఎనభైల చివర్లో నేను స్టాఫ్ నర్సుగా చేరేనాటికి ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. డ్రెస్సరూ ఆయనే, వార్డు అటెండరూ ఆయనే. హిందీవాళ్ళు 'కాకా' అనేవారు. మా కుటుంబాలు ఒకే వైపు నుంచి వచ్చినవి కాబట్టి నేను 'మావయ్యా' అనేదాన్ని. ఆయన నన్ను 'సిస్టరమ్మా' అనేవారు, మనసు బాగున్నప్పుడు 'తల్లీ' అనేవారు.

వార్డులో ఆయన ఎప్పుడూ గోడ పక్కనే నడిచేవారు, నడవ మధ్యలో కాదు. కట్టు కట్టేటప్పుడు కత్తెరను రోగి చేతికి అందే వైపు పెట్టేవారు కాదు. "కత్తెర నీ చేతికి దగ్గర, ఆడి చేతికి దూరం. నొప్పిలో ఉన్నోడికి నువ్వెవరో తెలీదు," అనేవారు. వార్డు చొక్కా వేరు, ఇంటి చొక్కా వేరు. సాయంత్రం ఆసుపత్రి కుళాయి దగ్గర మోచేతుల దాకా ఎర్ర సబ్బుతో తోముకుని, చొక్కా మార్చుకున్నాకనే గేటు దాటేవారు. ఇంటి దగ్గర పసిపిల్లలెవరైనా కాళ్ళకు చుట్టుకున్నా స్నానం చేసేదాకా ఎత్తుకునేవారు కాదని ఆయన భార్య ఒకసారి చెప్పింది.

నేను చేరిన ఏడాదే లారీ ప్రమాదంలో ఒకతను చనిపోతే, బంధువులు కర్రలు పట్టుకుని వార్డులోకి వచ్చారు. మావయ్య నన్నూ ఇంకో నర్సునూ దుప్పట్ల గదిలోకి నెట్టి, బయట గొళ్ళెం పెట్టి, తలుపు ముందు నీళ్ళ చెంబుతో నిలబడ్డారు. "కా హోగే భయ్యా, పహిలే పానీ పీ," అని, ముందు నీళ్ళు తాగమంటున్న ఆయన గొంతు వినబడింది. తర్వాత ఒక దెబ్బ చప్పుడు. ఆ తర్వాత కూడా అదే గొంతు, అదే మాట. అరగంట తర్వాత తలుపు తీసినప్పుడు ఆయన చెవి దగ్గర నెత్తురుంది. "అందరూ తాగీసారు," అన్నారు. నీళ్ళ సంగతి చెప్తున్నారని అర్థం కావడానికి నాకు కాస్త సేపు పట్టింది.

ఆ మనిషికి భయం ఒక్కదానికే. సూదికి.

ఇంజెక్షన్ చేశాక సూది పడేసే కాలం కాదది. గాజు సిరంజిలు, ఉక్కు సూదులు. వాడినవన్నీ కడిగి, మరిగించి, మళ్ళీ వాడేవాళ్ళం. మొన మొద్దుబారితే రోగులు తిట్టేవారు, మేట్రన్ మేడమ్ అంతకంటే ఎక్కువ తిట్టేవారు. అందుకని నర్సులందరికీ ఒక అలవాటుండేది. ఇంజెక్షన్ అవగానే మొన ట్రేకి తగిలి దెబ్బతినకుండా సూదిని స్పిరిట్ దూదిలో గుచ్చి పెట్టేవాళ్ళం. అది పనిమంతురాలి లక్షణమని మాకు నేర్పినవాళ్ళే చెప్పారు. మావయ్యకు ఆ దూది ఉండ అంటే పాముపుట్టతో సమానం.

"వద్దు తల్లీ. మొన పోతే రాయి మీద పదును పెడతాను. నా చెయ్యి పోతే ఏ రాయి మీద పెట్టుకోవాలి?"

ఆయన నియమం ఒక్కటే. డ్యూటీ దిగే నర్సు ట్రే అప్పగించినప్పుడు ఇద్దరూ కలిసి సూదులు లెక్కపెట్టాలి. ఎన్ని వెళ్ళాయో అన్నీ తేలేదాకా ఆయన దూదిని ముట్టేవారు కాదు. రబ్బరు తొడుగులు ఆపరేషన్ గదికే, అవి కూడా అతుకులు వేసినవి. మావయ్య చేతులు ఉత్త చేతులే.

"నాకు ముందు ఇక్కడ చేసినోడు ఇలాగే గుచ్చుకుని పోయాడు," అని చెప్పారు ఒకసారి, సూదులు కడుగుతూ. "మూడు నెల్లు ఏటీ అవలేదు. తిన్నాడు, తిరిగాడు, సదర్ బజార్లో పెళ్ళాంకి చీర కొన్నాడు. నాలుగో నెల్లో కళ్ళు పసుపు ముద్దలైపోనాయి. అది తొందరపడదు సిస్టరమ్మా. ఇల్లు చూసుకున్నాకే వస్తాది."

*

అది ఆదివారం. ఉదయం డ్యూటీ రెండు గంటలకు దిగాలి. మూడింటికి రైల్వే కాలనీలో ఒక గార్డు గారి క్వార్టర్లో మా తెలుగు క్రైస్తవ సంఘం స్త్రీల కూటం. ఆ రోజు సాక్ష్యం చెప్పవలసింది నేను. ఆసుపత్రిలో ఇన్ని రోగాల మధ్య దేవుడు నన్ను ఏ అపాయమూ అంటకుండా కాపాడుతున్న విధం చెప్పాలని వారం రోజులుగా మాటలు కూర్చుకుంటున్నాను.

ఆ ఉదయం పన్నెండు సూదులు తీసుకున్నాను. పదకొండు సన్నవి, ఒకటి రక్తం తీసే లావుది. ఆ లావుది తొమ్మిదో మంచానికే వాడాను. అతను దగ్గర్లోని కోటా నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి. పది రోజులుగా కామెర్లు. ఇది నీళ్ళ వల్ల వచ్చే రకం కాదేమో, రక్తంలో ఉండే రకమేమోనని డాక్టరుగారికి అనుమానం. అతని రక్తం తీసి, అలవాటు చొప్పున సూదిని దూదిలో గుచ్చి, ట్రేలో పడేశాను. దాని మీద ఇంకా దూది పడింది.

రెండు దాటి పది నిమిషాలకు ట్రే మావయ్య ముందు పెట్టాను. అప్పటికే తెల్ల చీర మార్చుకున్నాను.

"లెక్క అయిందేటి?" అన్నారు.

"అయింది మావయ్యా. పన్నెండూ ఉన్నాయి."

నేను లెక్కపెట్టలేదు.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "దేవుడి కాడికి కాస్త మెల్లగా వెళ్ళినా ఊరుకుంటాడమ్మా," అన్నారు. తర్వాత, "సరే, ఎల్లు. నువ్వన్నావు కదా. మరి నేను లెక్కెట్టను," అన్నారు.

ఆయన లెక్కపెట్టకుండా ట్రే తీసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ప్రార్థన చేసే పిల్లనని ఆయనకు నా మీద ఆ గౌరవం ఉండేది. నేను రిక్షా ఎక్కాను. ఆ సాయంత్రం సాక్ష్యం బాగా చెప్పానని అందరూ అన్నారు. ఒక ముసలమ్మ ఏడ్చింది కూడా.

సోమవారం ఉదయం వెళ్ళేసరికి మేట్రన్ మేడమ్ గదిలో డాక్టరుగారు, మావయ్య ఉన్నారు. మావయ్య కుడి అరచేతికి చిన్న పట్టీ ఉంది. దూది తీసి డబ్బాలో వేస్తుంటే గుచ్చుకుందట.

"కాకా, లెక్కపెట్టకుండా దూదిలో చెయ్యి ఎలా పెట్టావు?" అని మేట్రన్ హిందీలో అడుగుతోంది. "అందరికీ పాఠాలు చెప్పేవాడివి!"

"పొరపాటయింది మేడమ్," అన్నారు మావయ్య. నా వైపు చూడలేదు.

"ఆ సూది ఏది?"

"కడిగీసాను. మరిగించీసాను. అన్నింటిలో కలిసిపోయింది."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పన్నెండు మందిలో నాకు తొమ్మిదో మంచం ఒక్కటే భయం. దీనికి ఒక ఇంజెక్షన్ ఉంది, నాగపూర్‌లో దొరుకుతుంది. రెండు రోజుల్లో పడాలి. అది తొమ్మిదో మంచం సూదే అయితే ఈ రోజు బండికే మనిషిని పంపుతాను." నా వైపు తిరిగారు. "సిస్టర్, ఆ సూది నువ్వెక్కడ పెట్టావు?"

నా ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఆ మాట సాకుగా చెప్పడం లేదు. అప్పుడు నా తలలో ఉన్నది అదొక్కటే కాబట్టి చెప్తున్నాను.

"ట్రేలోనే పెట్టాను సర్. దూదిలో కాదు, విడిగా."

"అచ్ఛా. అయితే ఫరవాలేదు," అన్నారు డాక్టరుగారు. మేట్రన్ ఊపిరి వదిలి రిజిస్టరు మూసింది. మావయ్య అప్పుడు నా వైపు చూశారు. కోపం లేదు. కట్టు విప్పాక పుండు ఎంత లోతుందో చూసేటప్పటి చూపు అది.

బండి ఆ రోజు వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. నాగపూర్‌కు ఎవరూ వెళ్ళలేదు.

*

బుధవారం ఉదయం నేను డ్రెస్సింగ్ గదిలోకి వెళ్ళేసరికి మావయ్య తూర్పు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రెండు చూపుడు వేళ్ళతో కింది రెప్పలు లాగి పట్టుకుని ముఖం ఎండకు ఎత్తారు.

"చూడు తల్లీ. పచ్చగా ఉన్నాయేటి?"

"తెల్లగా ఉన్నాయి మావయ్యా. ఇంత తొందరగా ఎందుకుంటాయి?"

"ఉండవులే. చూసుకుంటే మంచిది కదా."

మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే. నా డ్యూటీ ఏ పూటైనా వెలుగు ఉన్నప్పుడు కిటికీ దగ్గర ఆయన కనబడేవారు. రెప్పలు లాగి, ముఖం ఎత్తి, ఊరికే నిలబడేవారు. గదిలో అద్దం ఉంది. ఇంకో ఇద్దరు నర్సులున్నారు. వాళ్ళను ఎప్పుడూ అడగలేదు. నన్నే అడిగేవారు.

వాళ్ళకది తమాషా. "కాకా రోజూ సిస్టర్‌కి కళ్ళు చూపిస్తున్నాడు, ఏమిటో సంగతి!" అని నవ్వేవారు. "మీ కళ్ళలో ఏముంది చూడ్డానికి, ఆవిడ కళ్ళు పరిశుద్ధమైనవి," అనేవారు మావయ్య. వాళ్ళు ఇంకా నవ్వేవారు.

నేను ప్రార్థించాను. ఎంత ప్రార్థించానంటే మా పాస్టరుగారు నాకు ప్రత్యేకమైన భారం ఏదో దొరికిందనుకున్నారు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు దాన్ని అక్కడే విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. సండే స్కూల్లో పిల్లలకు నేర్పినదాన్ని. అయినా ప్రతి ఉదయం ఆ కళ్ళలోకి చూసి "తెల్లగా ఉన్నాయి" అని చెప్పి, అదొక్క నిజం చెప్పినందుకే తృప్తి పడేదాన్ని. అవి తెల్లగా ఉన్నంత కాలం నేను చేసింది పాపం కాదన్నట్టు.

వానలు వెళ్ళాయి. చలి వచ్చింది. తొమ్మిదో మంచం వ్యాపారి అప్పటికే ఇంటికి వెళ్ళి చనిపోయాడని కబురొచ్చింది. మావయ్య ఆ కబురు విని, ఆ మంచం పరుపును ఎండలో వేసి, రోజంతా దాని పక్కనే కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ కిటికీ.

పధ్నాలుగో వారంలో ఒక ఉదయం ఆయన రెప్పలు లాగారు. ఎండ సూటిగా పడింది. నేను చూశాను. ఇంకా దగ్గరికి జరిగి మళ్ళీ చూశాను.

"ఏటమ్మా?"

"మావయ్యా," అన్నాను, "అది తొమ్మిదో మంచం సూది."

ఆయన వేళ్ళు తీయలేదు. "తెలుసు. లావుది కదేటి. నా అరచేతిలోంచి నేనే పీకాను."

"తెలిసి డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు?"

"నేను సెప్తే నీ కొలువు పోతాది. అడిగింది నిన్ను. నువ్వు సెప్తావనుకున్నాను. ఆ రోజు సెప్పలేదు, మర్నాడు సెప్తావనుకున్నాను. తరవాత మరి బండి దాటిపోయింది. అయినా ఎందుకో..." ఆయన చేతులు దించారు. "రోజూ వచ్చి నీ ఎదర నిలబడ్డాను కదమ్మా."

కిటికీ బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోతున్నారు.

"ఇంతకీ పచ్చగా ఉన్నాయేటి?"

"ఉన్నాయి మావయ్యా."

"మరదే," అన్నారు. వార్డు చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఇంటి చొక్కా తొడుక్కున్నారు. ఉదయం పూట ఆయన ఆ చొక్కా తొడుక్కోవడం అదే మొదటిసారి.

నేను ఆ రోజే మేట్రన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె తలుపు మూసింది. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆసుపత్రి పేరు పోతుంది, నీ పేరు పోతుంది. ఊరంతా కామెర్లున్నాయి. నీళ్ళ వల్ల అని రాస్తున్నాను," అంది. రాసింది. నేను ఏడుస్తూ బయటికి వచ్చాను. ఏడుపు కింద ఊరట ఉంది. దేవుని ముందు దాచలేనిది ఈ కాగితం మీద దాచి ప్రయోజనం లేదు.

*

ఆయన అప్పుడు పోలేదు. రెండు నెలలు మంచం మీద ఉండి లేచారు. మళ్ళీ డ్యూటీకి వచ్చారు. కానీ అది ఆయన కాలేయంలోనే ఉండిపోయింది. రెండు మూడేళ్ళకు కాళ్ళు వాచాయి. తర్వాత పొట్ట ఉబ్బింది. ముఖం నల్లబడి, చేతులు పుల్లలయ్యాయి. పని మానేశారు.

మన కాలనీల్లో పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడిన మగవాడికి జనం ఇచ్చే పేరు ఒక్కటే, తాగుబోతు. నాటుసారా వాసన సోకితేనే ముక్కు మూసుకునే మనిషిని ముందు పక్కింటివాళ్ళు అన్నారు, తర్వాత సొంత అన్నగారే అన్నారు. ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళు, "కాకాని దారూ తినేసింది," అన్నారు. నేను విన్నాను.

అప్పటికి నేను వార్డు సిస్టర్ని. ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. పాత పాలపొడి డబ్బా మూతకు చిల్లు పెట్టించి, వాడిన సూది నేరుగా అందులోనే పడాలని నియమం పెట్టాను. దూదిలో సూది కనబడితే కొత్త పిల్లలను ఏడ్చేదాకా తిట్టేదాన్ని. నన్ను గట్టి మనిషి అనేవారు.

నెలకోసారి బత్తాయిలు పట్టుకుని తెలిపారాలో ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. ఒకసారి ఆయన భార్య నన్ను గుమ్మం దగ్గరే ఆపింది.

"సిస్టరమ్మా, నువ్వైనా బుద్ధి సెప్పు. ఎక్కడ తాగుతన్నాడో ఏటో. ఇల్లంతా వెతికాను, సీసా దొరకదు. ఒట్టేసి అడిగితే నవ్వుతాడు!"

"దొరికితే నాకూ ఒక గుక్క పొయ్యి," అన్నారు లోపల్నుంచి మావయ్య.

"చూసావా? సిగ్గు లేదు! నీ మాట వింటాడమ్మా, నువ్వు సెప్పు."

ఆయన మంచం మీద నుంచి నన్ను చూస్తున్నారు. చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చింది.

"ప్రార్థన చేస్తానమ్మా," అన్నాను.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

అలా ఎన్నేళ్ళో. ఆమె తిట్లు ఆయన మోశారు. అవి మోయవలసింది నేను. రోజూ వాక్యం చదువుతూ, ఆదివారాలు సందేశం ఇస్తూ, ఆయన మోస్తుంటే చూస్తూ ఉన్నాను.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం కబురందింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో మగవాళ్ళు వెదుళ్ళు కడుతున్నారు. లోపల ఆమె తల బాదుకుంటూ, "తాగి తాగి నన్ను ముంచీసావురా నాయనా," అని ఏడుస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలు ఊపుతున్నారు.

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "ఆయన తాగలేదమ్మా."

"పోనోడి మీద జాలి ఏల ఇప్పుడు?"

"జాలి కాదు. సూది గుచ్చుకుంది. రోగం ఆ సూదిలోంచి వచ్చింది. లెక్కపెట్టానని అబద్ధం చెప్పి ఆ ట్రే ఆయన చేతికిచ్చింది నేను. వెంటనే నిజం చెప్పి ఉంటే మందు వేసేవారు. నేను చెప్పలేదు."

ఆమె ఏడుపు ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"మొదటి రోజు నుంచి."

ఆమె ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. "మొన్న మంగళారం మంచినీళ్ళడిగాడు," అంది. "నీ సీసాలోది తాగు, నన్నడగకు అన్నాను. నీళ్ళివ్వలేదు. అదే ఆఖరు మాట."

నేను చెయ్యి పట్టుకోబోయాను. ఆమే నా మణికట్టు పట్టుకుంది. లేచింది. ఆడవాళ్ళ మధ్య నుంచి నన్ను ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చింది. ఆయన అన్నగారు, పక్కింటివాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు ముగ్గురు, వీధి చివరి దాకా జనం.

"ఈవిడ ఒక మాట సెప్తాది. వినండి," అంది.

వెదుళ్ళ మీద తాడు బిగిస్తున్న చేతులు ఆగాయి. నేను హిందీలో మొదలుపెట్టాను. ప్రతి వారం కూటంలో వెనక వరసకు కూడా వినబడేలా మాట్లాడే నా గొంతు అప్పుడు గుసగుసలా వచ్చింది. ట్రే గురించి చెప్పాను. పన్నెండు అన్న మాట చెప్పాను. నాగపూర్ బండి చెప్పాను. ఆయన ఒక్క చుక్క ముట్టలేదని చెప్పాను. ఆపాను.

ఆమె నా మణికట్టు వదల్లేదు.

"ఇంకా గట్టిగా సెప్పు," అంది. "ఆ సివరోలికి వినబడలేదు."